యూటీవీకి మంచు బ్లేడు: 66 అంగుళాలా, 72 అంగుళాలా? మౌంట్, వించ్, మార్పుల మీద సలహాలు కావాలి

కంకరదారి

అందరికీ నమస్కారం. ఈసారి చలి ముదరకముందే బండికి మంచు బ్లేడు బిగించేయాలని చూస్తున్నాను. ఇంతవరకూ పారతోనూ, చేత్తో తోసే బ్లోయర్‌తోనూ నెట్టుకొచ్చాను. ఇక ఒళ్లు సహకరించట్లేదు.

బండి వివరాలు: ముగ్గురు కూర్చునే యూటీవీ (ఎగుడుదిగుడు దారుల్లో పనులకి వాడే చిన్న బండి), బెల్టు సీవీటీ (ఇంజన్ శక్తిని పుల్లీలూ బెల్టూ మీదుగా చక్రాలకి అందించేది). టైరు బయటి అంచు నుంచి బయటి అంచుకి 62 అంగుళాలు. ముందు 4,500 పౌండ్ల వించ్ (తాడు చుట్టి లాగే కరెంటు యంత్రం) ఉంది, సింథటిక్ తాడు. దారి దాదాపు 300 మీటర్లు, అంతా కంకరే. మధ్యలో ఒక ఎత్తు, ఆ ఎత్తులోనే ఒక వంపు. చివర షెడ్డు ముందు కాంక్రీటు గచ్చు.

తేలనివి మూడు. 66 అంగుళాల బ్లేడా, 72దా? ఉక్కా, పాలీనా (గట్టి ప్లాస్టిక్)? మౌంటు (బ్లేడుని బండికి పట్టించే చట్రం) బండి నడుం కింద బిగించేదా, ముందు బిగించేదా? చదివేకొద్దీ ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు కొట్టేస్తున్నారు. పెద్దది కొంటే బండి తోయలేదంటారు, చిన్నది కొంటే నీ టైర్లే మంచు తొక్కుతాయంటారు. రోజూ వాడేవాళ్లు చెబితే ధైర్యంగా ఉంటుంది.

నాలుగుచక్రాలు

వెడల్పు సంగతి ముందు తేల్చేద్దాం. ఇందులో అభిప్రాయాలకి చోటు లేదు, లెక్కే.

దారి పొడవునా తోసేటప్పుడు బ్లేడుని నేరుగా ఉంచం. మంచు ఒక పక్కకి దొర్లిపోవాలి కాబట్టి తిప్పి పెడతాం. 30 డిగ్రీలు తిప్పితే పనికొచ్చే వెడల్పు 0.866 వంతుకి పడిపోతుంది. 60 అంగుళాల బ్లేడు 52 అవుతుంది, 66ది 57 అవుతుంది, 72ది 62 పైచిలుకు వస్తుంది. మీ బండి 62. అంటే 66 కొంటే తిప్పిన ప్రతిసారీ చెరో పక్క రెండున్నర అంగుళాల టైరు బ్లేడు బయట నడుస్తుంది. ఆ టైరు తొక్కిన మంచు రాత్రికి గట్టిపడి గాడి కడుతుంది, మర్నాడు బ్లేడు దాని మీద ఎగిరెగిరి పడుతుంది.

పైగా మీకు వంపు ఉంది. వంపులో వెనక టైర్లు ముందు టైర్ల జాడలో నడవవు, లోపలికి కోసుకుపోతాయి. అందుకని 72 తీసుకుని 25 డిగ్రీల దగ్గర వాడండి, 65 అంగుళాలు శుభ్రమవుతుంది. ఆ మూడు అంగుళాలే మీకు వెసులుబాటు.

చలికోట

నేను ఒప్పుకోను. 72 అంటే బ్లేడు, ఫ్రేము, మౌంటు అంతా కలిపి ముందు బాగా బరువు పడుతుంది. మంచు కూడా అంత ఎక్కువ పోగవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తడి మంచు పడి ఉంటే ఆ బండి ఆగిపోతుంది. 66 తీసుకుని రెండు అంచులకీ రబ్బరు రెక్కలు బిగించుకుంటే సరిపోతుంది. పొడి మంచులో వెడల్పు వస్తుంది, గట్టి మంచులో రెక్కలు వంగిపోతాయి, బండికి భారం ఉండదు.

నాలుగుచక్రాలు

> 66 తీసుకుని రెండు అంచులకీ రబ్బరు రెక్కలు

రెక్కలు వంగిపోయేది సరిగ్గా గట్టి మంచులోనే కదా. అంటే కావలసినప్పుడే వెడల్పు పోతుంది. బరువెక్కువైతే 72ని తక్కువ లోతులో తోయొచ్చు, సగం వెడల్పుతో తోయొచ్చు. 66ని మాత్రం 72 చెయ్యలేం.

ఉత్తరపుగాలి

ఇద్దరి మాటల్లోనూ అసలు విషయం పక్కకి పోతోంది. బండి తోయగలదా లేదా అన్నది బ్లేడూ చెప్పదు, ఇంజన్ హార్స్‌పవరూ చెప్పదు. టైరు పట్టు చెబుతుంది.

తొక్కిన మంచు మీద రబ్బరు టైరుకి పట్టు, బరువులో 0.2 నుంచి 0.3 వంతు. బండి 800 కిలోలు, మనిషి 80, వెనక ట్రేలో 120 కిలోల ఇసుక అనుకుందాం. మొత్తం 1,000. అంటే నాలుగు చక్రాలూ కలిపి 200 నుంచి 300 కిలోల తోపుడు ఇవ్వగలవు, అంతే. దానికి మించి ఎంత ఇంజన్ ఉన్నా చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు.

ఇప్పుడు మంచు వైపు చూడండి. 6 అడుగుల బ్లేడు నేరుగా పెట్టి 15 సెంటీమీటర్ల మంచుని 10 మీటర్లు తోస్తే ముందు 2.7 ఘనపు మీటర్లు పోగవుతుంది. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకి 100 కిలోలు, అంతకంటే తక్కువ కూడా ఉండొచ్చు. అంటే 270 కిలోలు, ఇది నడిచిపోతుంది. అదే మంచు తడిసి 300 కిలోలకి వస్తే 800 దాటుతుంది. బ్లేడు అంతే, బండి అంతే, లోతు అంతే. రోజు మారింది, పని మూడింతలైంది.

కాబట్టి కంకరదారి గారూ, 72 తీసుకోండి, కానీ నేరుగా పెట్టి పది మీటర్లు తోయకండి. తిప్పి పెడితే మంచు ముందు పోగవకుండా పక్కకి జారిపోతూ ఉంటుంది, బండి మీద ఎప్పుడూ కొంచెమే ఉంటుంది. 10 సెంటీమీటర్లు పడగానే ఒకసారి, మళ్లీ పడితే మళ్లీ. తెల్లారేదాకా ఆగి 40 సెంటీమీటర్లు ఒకేసారి తోయాలని చూసేవాళ్ల బళ్లే విరుగుతాయి.

బెల్టుపని

అక్క చెప్పినదానికి బెల్టు వైపు నుంచి ఒక ముక్క. సీవీటీ బండితో మంచు తోస్తే ఎప్పుడూ లో గేరే. హై గేరులో నెమ్మదిగా తోస్తే బెల్టు పుల్లీ మీద జారుతుంది, జారితే వేడెక్కుతుంది, ఒకచోట కాలి పలచబడుతుంది. తర్వాత ఆ మచ్చ దగ్గర ప్రతి చుట్టుకీ బండి దడదడమంటుంది. రబ్బరు కాలిన వాసన వస్తే ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్ నడవనివ్వండి. గాలి తగిలి చల్లబడుతుంది.

సీవీటీకి గాలి పీల్చుకునే గొట్టం ఎక్కడుందో కూడా చూసుకోండి. బ్లేడు మీంచి ఎగిరిన పొడి మంచు అందులోకి పోతే లోపల కరిగి బెల్టు తడుస్తుంది. తడిస్తే మళ్లీ జారుడే.

బెల్టు లేని బండ్లున్నవాళ్లకి ఈ తిప్పలు ఉండవు. కుబోటా ఆర్‌టీవీ ఎక్స్ వరుసది హైడ్రోస్టాటిక్ (నూనె ఒత్తిడితో నడిచేది), హోండా పయనీర్ 1000కి గేర్లున్న డ్యూయల్ క్లచ్. ముందుకీ వెనక్కీ మాటిమాటికీ మారే ఈ పనికి అవి రెండూ బాగా నప్పుతాయి. అలాగని బెల్టు బండి పనికిరాదని కాదు, లో గేరు మర్చిపోకపోతే చాలు.

వెల్డర్_బాబాయి

బాబూ కంకరదారీ, అందరూ బ్లేడు గురించే మాట్లాడుతున్నారు. నా దగ్గరికి బాగుచేయమని తెచ్చే వాటిలో బ్లేడు వంగినవి తక్కువ. మౌంటు వంగినవీ, తాడు తెగినవీ, బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగినవీ ఎక్కువ.

మౌంటు సంగతి. నడుం కింద బిగించేదానికి తోపుడు గొట్టాలు పొడవు. దెబ్బ తగిలితే బండి ఫ్రేము మధ్యకి వెళుతుంది, అది మంచిదే. కానీ గొట్టం పొడవుగా ఉంటుంది, దాన్ని వించ్ ముందు నుంచి లాగుతుంది, అందుకని బ్లేడు ఎక్కువ ఎత్తు లేవదు. కుప్ప మీద కుప్ప వేయాలంటే ఇబ్బంది. పైగా ఆ గొట్టాలు బండి కింద వేలాడి ఉంటాయి, లోతు మంచులో పొట్ట తగులుతుంది. ముందు బిగించేది బాగా లేస్తుంది, పెట్టడం తీయడం సులువు. దెబ్బ మాత్రం ముందు ఫ్రేము మీదే పడుతుంది.

నీకు నా మాట: ముందు మౌంటే తీసుకో, కానీ ముందు రెండు గొట్టాలకి నాలుగు యూ బోల్టులు వేసి ఊరుకునేది వద్దు. కింద పలక వెనక దాకా వెళ్లి నడుం ఫ్రేముకి కూడా పట్టుకునేది చూడు. అలాంటిది దొరక్కపోతే రెండు పక్కలా ఇనుప పట్టీలు వేసి వెనక్కి కట్టించు. ఎక్కడా బండి ఫ్రేముకి నేరుగా వెల్డింగు పెట్టకు, బిగింపు పట్టాలతోనే పట్టించు. ఫ్రేము గొట్టాలు పలచటివి, వెల్డు పక్కనే పగులుతాయి.

బ్లేడు నేల మీద ఉన్నప్పుడు తోపుడు గొట్టాలు నేలకి దాదాపు సమాంతరంగా ఉండాలి. మౌంటు ఎత్తుగా ఉండి గొట్టం కిందికి దిగుతూ ఉంటే, బరువు పడగానే బ్లేడు నేలలోకి దూసుకుపోయి బండి ముక్కు లేస్తుంది. పెద్ద టైర్లు వేసినవాళ్లు, టైర్ల బదులు రబ్బరు ట్రాకులు వేసినవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. మౌంటు కిందికి దించే బ్రాకెట్లు ఉంటాయి.

కంకరదారి

బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్. ఉత్తరపుగాలి అక్కా, మీ లెక్క చూశాక 72కే ఫిక్స్ అయ్యాను. మౌంటు కూడా వెనక దాకా వెళ్లేదే చూస్తాను.

ఇంకా మూడు అడుగుతాను. కంకర మీద కంకర లేచిపోకుండా ఏం చేస్తున్నారు? వించ్ తాడు సింథటిక్‌దే ఉంచొచ్చా? ఉక్కా పాలీనా అన్నది ఇంకా తేలలేదు.

చలికోట

పాలీ విషయంలో నా మాట వినండి. తడి మంచు ఉక్కుకి అంటుకుంటుంది. అంటుకున్న మంచు మీద మంచు పేరుకుని బ్లేడు వంపు మూసుకుపోతుంది, అప్పుడు అది బ్లేడు కాదు, గోడ. వంపు శుభ్రంగా ఉంటేనే మంచు చాప చుట్టినట్టు చుట్టుకుంటూ పక్కకి పోతుంది. పాలీ మీద అంటుకోదు. తుప్పు లేదు, రంగు వేయక్కర్లేదు. వెనక ఉక్కు చట్రానికి నిలువు పట్టీలు ఎన్ని ఉన్నాయో మాత్రం చూసుకోండి, రెండే ఉంటే పాలీ మధ్యలో ఉబ్బుతుంది.

వెల్డర్_బాబాయి

పాలీ మంచిదే. ఉక్కు బ్లేడు చవగ్గా చేతికొచ్చినా వదులుకోవద్దు. దానికి లోపలివైపు పలచని యూహెచ్‌ఎండబ్ల్యూ పాలిథిన్ రేకు బిగించుకుంటే రెండు లాభాలూ వస్తాయి. బోల్టు తలలు రేకులోకి దిగేలా కోన్ తలవి వాడాలి, పైకి పొడుచుకుని ఉంటే మంచు అక్కడే పట్టుకుంటుంది. రంధ్రాలు బోల్టు కంటే కాస్త పెద్దవిగా, అడ్డంగా కొంచెం పొడవుగా కొట్టాలి. చలికి ఉక్కు ముడుచుకునేదానికంటే ఈ రేకు చాలా ఎక్కువ ముడుచుకుంటుంది. బిగించి పట్టేస్తే రంధ్రాల దగ్గర చీలుతుంది.

ఇంత పని వద్దనుకుంటే బ్లేడుకి మైనమో, సిలికాన్ స్ప్రేనో కొట్టు. రోజంతా నిలవదు, కానీ పని జరుగుతుంది.

ఇక కంకర. స్కిడ్ షూలు (బ్లేడు కింద నేల మీద జారే చిన్న పాదాలు) అర అంగుళం నుంచి అంగుళం దాకా బ్లేడుని పైకి ఎత్తేలా పెట్టు. ఒక్క షూల వల్లే పని కాదు. కంకర మెత్తగా ఉన్నప్పుడు షూలే దిగబడిపోతాయి. అందుకు పైపు పద్ధతి.

రెండు అంగుళాల వ్యాసమున్న మందపాటి ఇనుప పైపు తీసుకుని బ్లేడు పొడవుకి కోయి. నిలువునా ఒక గాడి కోయి, బ్లేడు అడుగు పట్టీ మందం కంటే కొంచెం వెడల్పుగా. ఆ గాడిలోకి పట్టీ దూర్చి, రెండు మూడు చోట్ల ఇటునుంచి అటుకి బోల్టు వేసెయ్. ఇప్పుడు నేలకి తగిలేది పదునైన అంచు కాదు, గుండ్రటి పైపు. కంకర మీద జారుతూ పోతుంది, రాళ్లు తవ్వదు.

పైపు కోసేటప్పుడు జాగ్రత్త. అతుకు పైపుల్లో లోపల బిగువు ఉంటుంది. గ్రైండర్‌తో ఒక అడుగు కోసేసరికి గాడి దానంతట అదే మూసుకుపోతూ డిస్కుని పట్టేస్తుంది. డిస్కు పగిలి మొహం మీదికి వచ్చే సందర్భం ఇదే. కోసినచోటల్లా చిన్న ఇనుప చీలలు కొట్టుకుంటూ ముందుకి వెళ్లాలి. మొహానికి పూర్తి షీల్డు ఉండాలి, ఉత్త కళ్లద్దాలు చాలవు. పీవీసీ పైపు పెడతామంటారు కొందరు, చలికి అది పెళుసెక్కి మొదటి రాయికే పగులుతుంది. ఇనుము వద్దనుకుంటే మందపాటి హెచ్‌డీపీఈ నీళ్ల పైపు వాడుకోవచ్చు, త్వరగా అరుగుతుంది గానీ మార్చడం తేలిక.

ఉత్తరపుగాలి

బాబాయ్ గారి పైపుకి నా తరఫున ఓటు. ఒకటే చేర్చాలి: కాంక్రీటు గచ్చు దగ్గరికి వచ్చేసరికి పైపు ఉంటే అడుగున పలచగా ఒక పొర మిగిలిపోతుంది, అది గడ్డకట్టి కాలు జారుతుంది. మీకు గచ్చు చిన్నదే అయితే అక్కడ పారతో గీకండి. పెద్దదైతే పైపుని త్వరగా తీసే పిన్నులతో పట్టించుకోండి.

కంకర దారికి ఇంకో మంచి అలవాటు ఉంది. మొదటి మంచుని అడుగంటా తీయకండి. రెండు మూడు అంగుళాలు వదిలేసి బండితో అటూ ఇటూ తొక్కించండి. అది గడ్డకడితే కంకర కదలదు, మిగిలిన చలికాలమంతా ఆ పొర మీదే తోస్తారు. ఎత్తు దగ్గర మాత్రం ఆ పొర నున్నగా అయిపోతుంది. అక్కడ ఇసుక చల్లుకోవాలి, లేదా చక్రాలకి గొలుసులు.

తాడుతెగింది

వించ్ తాడు గురించి ఎవరూ చెప్పలేదే. సింథటిక్ తాడు బండి బురదలోంచి లాగడానికి చేసినది. బ్లేడు ఎత్తడం వేరే పని. రెండు అడుగుల తాడే రోజంతా పైకీ కిందికీ. ఫెయిర్‌లీడ్ (వించ్ ముందు తాడు బయటికొచ్చే దారి) కింది పెదవి మీద తాడు నిట్టనిలువుగా మడత పడుతుంది. మీ తాడు తీసి ఆ ముక్క మీద వేలితో రాయండి, జానెడు మేర నూగు లేచి ఉంటుంది, మిగతా తాడు కొత్తదిలా ఉంటుంది. డ్రమ్ము మీద అడుగు చుట్టులో వేడికి గట్టిపడి మెరుస్తూ కూడా కనిపిస్తుంది. తెగేది ఆ రెండు చోట్లే.

తాడు మొత్తం విప్పి చుట్టి పక్కన పెట్టేయండి, వసంతంలో పనికొస్తుంది. దాని బదులు బ్లేడు కోసమే అమ్మే పొట్టి పట్టీ వేసుకోండి. చదునుగా ఉంటుంది కాబట్టి మడతకి తట్టుకుంటుంది. అల్యూమినియం హాస్ (రోలర్లు లేని ఫెయిర్‌లీడ్) తీసేసి రోలర్ ఉన్న ఫెయిర్‌లీడ్ పెట్టండి, కింది రోలర్ లావుగా ఉన్నది చూడండి.

నాలుగుచక్రాలు

పట్టీతో పాటు ఒక పుల్లీ కూడా పెట్టుకోవచ్చు, దానికి పట్టీ పొడవుది కావాలి. వించ్ నుంచి బ్లేడు మీది పుల్లీ చుట్టూ తిప్పి మళ్లీ వించ్ మౌంటుకే కట్టాలి. వించ్ మీద భారం సగం, వేగమూ సగం. నెమ్మదిగా లేస్తుంది కాబట్టి కంకర మీద అర అంగుళం ఎత్తి ఉంచడం చేతికి వస్తుంది. కుప్పలు వేసేవాళ్లకి ఈ నెమ్మది విసుగు. మీది 300 మీటర్ల పొడవు దారి, కుప్పలు తక్కువ. మీకు నప్పుతుంది.

కరెంటుపని

కరెంటు వైపు మూడు విషయాలు చెబుతాను.

బ్లేడు పూర్తిగా పైకి వచ్చాక కూడా వేలు స్విచ్ మీదే ఉంటే వించ్ ఆగదు. పట్టీ తెగుతుంది, లేదా మౌంటు వంగుతుంది. పైకి వచ్చాక తానే ఆగే లిమిట్ స్విచ్ ఒకటి పెట్టించుకోండి. అది కుదరకపోతే పట్టీ మీద కళ్లకి కొట్టొచ్చే రంగు టేపు చుట్టండి, సీట్లోంచి కనిపించేలా.

రెండోది బ్యాటరీ. నెమ్మదిగా, తక్కువ ఆర్‌పీఎమ్‌లో తోస్తూ వించ్, లైట్లు, పవర్ స్టీరింగ్, వైపరు, హీటరు ఫ్యాను అన్నీ వాడతాం. ఆ ఆర్‌పీఎమ్‌లో స్టేటర్ (ఇంజన్ దగ్గర కరెంటు పుట్టించే భాగం) ఇచ్చేది చాలదు. ఒక వోల్ట్ మీటరు కళ్లముందు పెట్టుకోండి. ఇంజన్ నడుస్తుండగా 14కి అటూ ఇటూ ఉండాలి. 12.5 కిందకి దిగుతోందంటే బ్యాటరీలోంచి తింటున్నట్టే. మామూలు బల్బుల బదులు ఎల్‌ఈడీ లైట్లు పెడితేనే సగం సమస్య తీరుతుంది. చలిలో బ్యాటరీ శక్తి ఎలాగూ తగ్గుతుంది కాబట్టి, పాతబడిన బ్యాటరీని చలికాలం ముందే మార్చేయండి.

మూడు, వించ్ కాంటాక్టర్ (వించ్‌కి కరెంటు కలిపి తెంచే పెద్ద స్విచ్). దాదాపు అన్ని బళ్లలోనూ అది బానెట్ కిందో, ముందు గ్రిల్ వెనకో ఉంటుంది. కరిగిన మంచు నీళ్లు సరిగ్గా దాని మీదే పడతాయి. కనెక్షన్లకి డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి, రబ్బరు టోపీలు తొడగండి. కాంటాక్టర్ లోపల అతుక్కుపోతే మీరు స్విచ్ వదిలినా వించ్ లాగుతూనే ఉంటుంది. అందుకని బ్యాటరీ దగ్గర చేత్తో తిప్పే కటాఫ్ స్విచ్ ఉండాలి. ఇది నేను పట్టుబట్టి చెబుతాను.

చలికోట

ముందు చక్రాల సస్పెన్షన్ స్ప్రింగుల మాట ఎవరూ ఎత్తలేదు. బ్లేడు ఎత్తి తిరిగితే బండి ముక్కు కిందికి వాలుతుంది, లైట్లు నేల చూస్తాయి. ప్రీలోడ్ (స్ప్రింగుకి ముందే పెట్టే బిగువు) పెంచాలి.

ఉత్తరపుగాలి

అవును, ఆ బరువు లెక్క కూడా చూడండి. బ్లేడు సరంజామా 120 కిలోలు, అది ముందు ఇరుసుకి 1.2 మీటర్లు ముందు వేలాడుతోంది, ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు అనుకుంటే, బ్లేడు ఎత్తినప్పుడు వెనక చక్రాల మీంచి 72 కిలోలు పోతాయి. ముందు చక్రాల మీదికి 192 కిలోలు వస్తాయి. అంటే ఎత్తు దిగేటప్పుడు వెనక భాగం తేలిపోతుంది, బ్రేకు వేస్తే బండి అడ్డం తిరుగుతుంది. ట్రేలో ఇసుక బస్తాలు వేసేది పట్టు కోసం ఎంతో, ఈ 72 కిలోలు తిరిగి తెచ్చుకోవడం కోసం కూడా అంతే. బస్తాలు వెనక తలుపుకి దగ్గరగా వేసి కట్టేయండి, వదులుగా వేస్తే దెబ్బ తగిలినప్పుడు ముందుకొచ్చి సీటు వెనక తంతాయి. ట్రే మోయగలిగే బరువు మీ బండి పుస్తకంలో ఉంటుంది, అది దాటొద్దు.

నీళ్ల డబ్బాలు వేయకండి, గడ్డకట్టి పగులుతాయి. ఇసుకైతే దారి జారినచోట చల్లుకోవడానికీ ఉంటుంది.

కంకరదారి

అందరికీ చెప్పాలని వచ్చాను. 72 అంగుళాల పాలీ తెచ్చాను, వెనక ఆరు నిలువు పట్టీలున్నది. ముందు మౌంటు, కింది పలక నడుం దాకా వెళ్లేది. పట్టీ, పుల్లీ, రోలర్ ఫెయిర్‌లీడ్ పెట్టాను. బాబాయ్ గారి పైపు కూడా కోసి బిగించాను. చీలలు కొట్టుకుంటూ కోయమని మీరు చెప్పింది అక్షరాలా నిజం. కొట్టిన చీల చేత్తో లాగితే రాలేదు, అంత గట్టిగా మూసుకుంది పైపు.

నిన్నటి మంచు పొడిది, 12 సెంటీమీటర్లు ఉంటుంది. 25 డిగ్రీలు తిప్పి లో గేరులో వెళితే దారి మొత్తం శుభ్రంగా వచ్చింది, వంపులో కూడా టైరు జాడ పడలేదు. కంకర ఒక్క రాయి లేవలేదు.

రెండు సమస్యలు మిగిలాయి. గాలికి ఎదురు వెళ్లేటప్పుడు మంచు బ్లేడు పైనుంచి ఎగిరి అద్దం మీద పడుతోంది, ముందు ఏమీ కనిపించట్లేదు. రెండోది, దారి మొదట్లో రోడ్డు బళ్లు తోసిన గట్టి ముద్దలు ఉంటాయి. అక్కడికి రాగానే బ్లేడు ముందుకి పడిపోతోంది, మంచంతా దాని కిందికి పోతోంది. బ్లేడు వెనకున్న స్ప్రింగు బిగించాలా?

వెల్డర్_బాబాయి

ఎగిరే మంచుకి మందు రబ్బరు. పాత కన్వేయర్ బెల్టు ముక్క, ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల మందం, పది అంగుళాల వెడల్పు, బ్లేడు పొడవు. పై అంచుకి బోల్టులు వేసి, రబ్బరు మీద ఒక ఇనుప పట్టీ పెట్టి కలిపి బిగించు. ఉత్త వాషర్లు వేస్తే రబ్బరు చిరిగి ఊడొస్తుంది. ముందుకి 45 డిగ్రీలు వంగి ఉండాలి. నిలువుగా ఉంటే బ్లేడు ఎత్తినప్పుడు హెడ్‌లైటుకి అడ్డం వస్తుంది, రేడియేటర్‌కి గాలి కూడా ఆపుతుంది. అందుకే దూరం వెళ్లాల్సినప్పుడు బ్లేడు ఎత్తి పూర్తిగా పైకి పెట్టుకోకు, నేల తగలనంత ఎత్తు చాలు. ఇంజన్ వేడి ముల్లు మీద ఓ కన్ను ఉంచు.

స్ప్రింగు బిగించే ముందు ఒక మాట. ఆ బ్లేడు ముందుకి పడడం దాని పని. గడ్డకట్టిన ముద్దకో, రాయికో తగిలినప్పుడు అది పడిపోకపోతే ఆ దెబ్బ మౌంటుకీ, ఫ్రేముకీ, నీ మెడకీ వెళుతుంది. పడిపోనిస్తేనే బండి బతుకుతుంది. ఒకటి రెండు చుట్లు బిగించి చూడు, తడి మంచుకి కాస్త గట్టిగా ఉంటుంది. స్ప్రింగు చుట్ల మధ్య ఎడం ఇంకా సాగడానికి మిగలాలి. ముందే పూర్తిగా సాగదీసి పెట్టేస్తే సాగడానికి ఏమీ మిగలదు, బ్లేడు బిగుసుకుపోయినట్టే.

తెల్లవారుజాము

రోడ్డు బళ్లు వదిలే ఆ ముద్దల గురించి నేను చెబుతాను, పొద్దున్నే ఇరుగుపొరుగు దారులు తీసేది నేనే.

ఆ గట్టుని నేరుగా గుద్దకండి. బ్లేడు అంచుతో, సగం వెడల్పు మాత్రమే పట్టి, పక్క నుంచి కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ రండి. మనిషి నడిచే వేగం చాలు. పరుగెత్తుకుంటూ వచ్చి కొడితే ఒకసారి పోతుంది, రెండోసారి ఏదో విరుగుతుంది. ఆ గట్టు తడిగా ఉన్నప్పుడే తీసేయాలి, రాత్రి వదిలేస్తే సిమెంటే. తీసినదాన్ని రోడ్డు మీదికి తోయకండి. చాలాచోట్ల అది చట్ట ప్రకారం తప్పు, ఎవరో ఒకరు జారి పడతారు కూడా. బళ్లు రోడ్డు మీద వచ్చే దిక్కుకి అవతలి వైపు పోగేస్తే, మళ్లీ రోడ్డు బండి వచ్చినప్పుడు అదే మంచు మీ దారిలోకి తిరిగి రాదు.

ఇంకొకటి, మొదటి మంచుల్లోనే దారికి రెండు పక్కలా వీలైనంత దూరం తోసేయండి. పక్క గట్లు గడ్డకడితే తర్వాత కదలవు. ప్రతి మంచుకీ దారి ఒక్కో జానెడు సన్నబడుతూ చలికాలం చివరికి బండి పట్టదు. అంచులు ఎక్కడో తెలియడానికి నేల గడ్డకట్టకముందే కర్రలు పాతుకోవాలి, ముఖ్యంగా మీ వంపు దగ్గర. కుప్పని షెడ్డు గచ్చుకి పైవైపు వేయొద్దు, మధ్యాహ్నం కరిగిన నీళ్లు గచ్చు మీదికి వచ్చి రాత్రికి గాజు అవుతాయి.

బ్లేడు రెండు చివరలా నిలువు కర్రలు కట్టుకున్నారా? సీట్లోంచి బ్లేడు అంచు కనిపించదు. నారింజ రంగు ప్లాస్టిక్ కడ్డీలు చాలు.

కంకరదారి

కట్టలేదు అన్నా, ఈరోజే కడతాను. దారి మొదట్లో అవతలి వైపు పోగేయడం నాకు తట్టనేలేదు, అక్కడ జాగా కూడా ఉంది.

గొలుసులు కొందామనుకుంటున్నాను. ఒక జతే అయితే ముందా, వెనకా?

ఉత్తరపుగాలి

ట్రేలో బస్తాలు ఉన్నాయి కాబట్టి వెనక. ముందు వేస్తే గొలుసు వదులైనప్పుడు బ్రేకు గొట్టాలకీ, ఇరుసు రబ్బరు బూట్లకీ తగిలే ప్రమాదం ఉంది. వెనక కూడా చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా రాసుకోవట్లేదని చూశాకే బండి కదపండి. కొంత దూరం వెళ్లి ఆపి మళ్లీ బిగించండి, మొదట్లో తప్పకుండా సడలుతాయి. ఎత్తు దిగేటప్పుడు స్టీరింగు మాట వినట్లేదనిపిస్తే అప్పుడు ముందుకీ ఒక జత చూద్దాం.

కరెంటుపని

బ్లేడు కింద చేయి పెట్టే పని ఏదైనా, షూ మార్చడమైనా, పిన్ను కొట్టడమైనా, ముందు బ్లేడు నేలకి దించండి. వించ్ పట్టీ మీద వేలాడుతుండగా వద్దు. కుదరకపోతే కింద చెక్క దిమ్మ పెట్టండి, కటాఫ్ తిప్పండి. పిల్లలు చుట్టూ తిరిగే ఇల్లైతే బండి దిగేటప్పుడు బ్లేడు నేల మీదే ఉండాలి.

వెల్డర్_బాబాయి

కంకరదారీ, బండి చల్లబడ్డాక మౌంటు బోల్టులన్నీ ఒకసారి పానాతో చూసుకో. కొత్త మౌంటు మొదటి పనిలోనే కూర్చుంటుంది, బోల్టు సడలుతుంది. సడలిన బోల్టుతో తోస్తేనే నేను చెప్పిన ఆ రంధ్రాలు సాగేది. నైలాన్ నట్లు (సడలకుండా లోపల నైలాన్ వలయం ఉన్న ఇనుప నట్లు) లేకపోతే అవి వేయి. ఆ పైపు బోల్టులు కూడా చూడు, కంకర అదురుకి అవే ముందు ఊడతాయి.

కంకరదారి

ఇప్పుడే చూసి వచ్చాను బాబాయ్ గారూ. ఎడమ పక్క కింది రెండు బోల్టులు పావు చుట్టు తిరిగాయి, పైపువి గట్టిగానే ఉన్నాయి. నైలాన్ నట్లు రేపు వేస్తాను. రబ్బరుకి బెల్టు ముక్క దొరికింది, మందం కొలిస్తే ఏడు మిల్లీమీటర్లు. రంధ్రాలు ఎంత దూరానికి ఒకటి కొట్టమంటారు?

వెల్డర్_బాబాయి

ఆరు అంగుళాలకి ఒకటి. చివరి రంధ్రాలు రబ్బరు అంచుకి రెండు అంగుళాలు లోపలికి ఉండాలి, లేకపోతే అక్కడే చిరుగుతుంది. ముందు ఇనుప పట్టీకి కొట్టి, దాన్నే రబ్బరు మీద పెట్టి గుర్తులు వేసుకో.